చెద పట్టిన చెయ్యి

అరే, ఆపురా! నీకు దండం పెడత, ఆ సీసాకు మూత పెట్టు.

మా మనుమడు సూర్యాపేటల టేకు కుర్చీ కొనుక్కొచ్చిండు. వారం వారం నూనె రాయకపోతే కట్టె పగులుతదని షాపోడు చెప్పిండంట. ఈడు నమ్మిండు. పెద్ద సదువులు సదివిండు, ఫోన్ల లోకమంత సూస్తడు, షాపోడు చెప్తే మాత్రం తలకాయ ఊపి వచ్చిండు. గుడ్డపేలిక పట్టుకొని కుర్చీ ముంగట కూసుండి రుద్దుతాంటే నాకు ఒళ్లు మండింది. ఆ నూనె వాసన నాకు పడది. ఎందుకు పడదో ఇన్నేండ్లు ఇంట్ల ఎవ్వలకు చెప్పలే. ఇయ్యాల చెప్త, ఇనండ్రి. ఇది మా అమ్మ ముచ్చట. ఆమె పేరు ఆండాలు.

మా అమ్మది కోదాడ దిక్కు. ఆడి దొరలింటి పిల్లకు మా సూర్యాపేట దిక్కు ఒక ఊరి గడిల, అంటే దొర ఉండే కోటసోంటి ఇంట్ల, ఇచ్చి పెండ్లి చేసిండ్రు. బిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు దొరలు సామాను పెడ్తరు గదా. టేకు పట్టెమంచం, టేకు అల్మారా, టేకు ఉయ్యాల బల్ల. ఆ సామాను ఎంబడి ఒక ఆడపిల్లను గూడ పంపుతరు. ఆడబాప అంటరు ఆమెను. దొరసాని కాళ్లు పిసకాలె, నీళ్లు తోడాలె, సచ్చేదాక ఆ గడిలనే పడి ఉండాలె. ఆ పిల్లకు పెండ్లి లేదు, ఇల్లు లేదు, పోయొస్త అనే మాట లేదు. మా అమ్మ ఇంక పెద్దమనిషి గూడ కాలే అప్పటికి. మంచం ఎక్కించిన బండి మీదనే, ఆ మంచం కోళ్ల నడుమ కూసుండి వచ్చింది.

నాకు తండ్రెవలని అడగకుండ్రి. గడిల ఆ మాట అడిగేటోల్లు లేకుండె. దొరసానికి తెలుసు. అందుకే నేను కండ్లవడ్డప్పుడల్ల ఆమె మొకం ముడుసుకుంటుండె.

దొరసానికి టేకు మీద ఉన్నన్ని పట్టింపులు దేవుని మీద గూడ లేకుండె. టేకు బతికున్న కట్టె అంటది. రోజు ఆముదం తాగకపోతే ఎండుకపోయి పగుల్తది అంటది. దానికి ఎండపొడ తగలొద్దు, నీటిచుక్క పడొద్దు. ఎంత నల్లగైతే అంత గొప్ప టేకు. ఇగ అన్నిటికంటె పెద్దది ఇంకోటి ఉండె. టేకుకు చెద పట్టదంట. ఎన్నటికి పట్టదంట. ఒకేళ పట్టిందంటే కట్టెది తప్పు కాదు, దాన్ని సూసుకునే మనిషి చెయ్యి చెడ్డదన్నట్టు. ఆ చెయ్యి పెండ్లిమంచాన్ని ముట్టుకుంటే ఆ కాపురం నిలవది, కడుపు పండది. కోదాడల దొరసాని తల్లిగారింట్ల గిట్లనే దర్వాజకు చెద కనవడిందని ఒక ముసలామెను ఆ పూటనే ఎల్లగొట్టిండ్రు. పొయ్యి మీద ఉడుకుతున్న కుండను గూడ ఎత్తుకోనియ్యలే. మా అమ్మ చిన్నప్పుడు దాన్ని కండ్లార సూసింది. ఆ భయం ఆమెను ఎన్నడు ఇడువలే.

రోజు పొద్దుగాల ఊడుసుడు, అలుకుడు అయినంక అమ్మ ఆముదం గిన్నె పట్టుకొని ఆ సీకటి అర్రల కూసుంటుండె. కోళ్లకు, పట్టెలకు, అల్మారా తలుపులకు పామాలె. ఆముదం ఏమన్న ఆరేదా? జిగురుజిగురుగ ఉంటుండె, దాని మీద దుమ్ము పడుతుండె, ఆ దుమ్ము మీదనే మల్ల తెల్లారి ఇంకో పూత. మంచం నల్లగ, మందంగ అయింది. దొరసాని మురిసిపోతుండె. మా అమ్మ అన్నం కలుపుకున్న ముద్ద గూడ ఆముదం వాసనొస్తుండె.

కట్టెకు ఇంత ఆముదం పోసేటోల్లు గదా, నా తలకు చుక్క లేకుండె. నా ఎంటికలు చింపిరి చింపిరై పీచుకట్టినయ్. అమ్మ పాణం ఊకోక, పనైనంక ఆ జిడ్డు చేతులను దొంగతనంగ నా నెత్తికి తుడుసుకుంటుండె. ఒకనాడు దొరసాని నన్ను దగ్గరికి పిలిసి నెత్తి వాసన సూసింది. మంగలిని పిలిపించి గుండు గీకించింది. అమ్మను చెంప మీద కొట్టి, "మంచం నోటి దగ్గర కూడు దొంగిలిస్తావటే!" అన్నది. మంచం నోటి కాడి కూడంట! థూ, నీ బతుకు మీద మన్నుపొయ్య. ఇప్పటికి ఆ మాట యాదికొస్తే నా చెయ్యి పిడికిలవుతది.

గట్లుండంగ దొరల మీద సంఘం లేచింది. ఊళ్లె వెట్టి బందైంది. ఆముదం గానుగ ఆడించే బుచ్చయ్య గడికి ఊకెనే పోసే నూనెను ఆపేసిండు. దొరకు గుండె జారింది. ఇంటిల్లిపాదిని హైదరాబాదు తోలుకపోను మోటరు పిలిపించిండు. మనుషులు పట్టిండ్రు గాని మంచం పడతదా మోటర్ల? దొరసాని మంచం పట్టె మీద తల పెట్టి ఏడ్సింది. ఆ మంచాన్ని తన బిడ్డ పెండ్లికి ఇయ్యాలని ఆమె ఆశ. చిన్న దొరసానికి సంబంధం కుదిరి ఉండె. ఆ మంచం ఎంబడి ఆడబాపగ పోవాల్సింది నేనే.

పోయేటప్పుడు దొరసాని అమ్మ చేతిని మంచం కోడు మీద పెట్టించి ఒట్టేయించుకున్నది. "నువ్వు ఇక్కడే ఉండి సామాను చూసుకో ఆండాలూ. రోజూ ఆముదం పట్టించు. మేం వచ్చేసరికి ఇది ఇట్లాగే ఉంటే నీ పిల్లను నీకే వదిలేస్తాను, నా బిడ్డ వెంట పంపను. ఒక్క పగులు కనిపించిందా, ఇక నీ పిల్ల నీ కంటికి కనిపించదు."

నన్ను మోటర్ల ఎక్కించిండ్రు. నేను అమ్మా అని మొత్తుకున్న. అమ్మ ఉరికి రాలే. మంచం మీద పెట్టిన చెయ్యి గట్లనే ఉండె ఆమెది. గడి దర్వాజకు తాళం గూడ ఎయ్యలే ఆల్లు. ఎందుకేస్తరు? మా అమ్మకు నేనే తాళం.

ఇగ ఆ తర్వాతయి అమ్మ చెప్పంగ ఇన్నయ్. మేం పోయిన కొన్నొద్దులకే సంఘపోళ్లు గడిలకు వచ్చిండ్రు. గాదెలు పలగ్గొట్టి జొన్నలు, వడ్లు ఊరందరికి పంచిండ్రు. ఆల్లల్ల ముంగట ఉన్నది గొర్లుగాసే లింగన్న. ఆయన మంచాన్ని సూసి పండ్లు కొరికిండు. "దీన్ని నడిబజార్ల ఏసి అంటువెడ్త" అన్నడు. మా అమ్మ ఆ మంచమెక్కి ఎల్లెలకల పండుకున్నది.

"ముందు నన్ను అంటువెట్టు లింగన్నా."

"నీకేమన్న పిచ్చి లేసిందా ఆండాలూ? దొర పోయిండు. దర్వాజ తెరిసే ఉన్నది. నువ్వు బయటికి రా, ఊళ్లె గుడిసె ఏసిస్తం."

"నా బిడ్డ ఆల్ల చేతుల ఉన్నదే అన్నా. నేను బయటికొస్తే అది జనమంత లోపల్నే ఉంటది."

లింగన్న మంచాన్ని ఇడిసిపెట్టి పోయిండు. ఊరోళ్లు మాత్రం ఊకోలే. గడి కుక్క అన్నరు. దొర పోయినా ఎంగిలాకు కాడ్నే కావలి కూసున్నదన్నరు. నీళ్లకు బాయికాడికి పోతే ఆడోళ్లు చేద అందియ్యలే. ఊరంత నిమ్మళంగ గాలి పీల్సుకుంటాంటే, మా అమ్మ ఒక్కతే ఆ సీకటి అర్రల మంచానికి ఆముదం పాముకుంట కూసున్నది. ఆ యాడాదిల గడిల బందీగ మిగిలింది ఆమె ఒక్కతే.

నూనె ఎన్నొద్దులు వస్తది? కుండ అడుగంటింది. దీపంల పోసుకునేది గూడ మంచానికే పెట్టి సీకట్ల కూసున్నది. అది గూడ అయిపోయినంక గిన్నె పట్టుకొని బుచ్చయ్య గానుగ కాడికి పోయింది.

"దొర మంచానికి చుక్క పొయ్య" అన్నడు బుచ్చయ్య. "నీ కాళ్లు మొక్తగాని ఆ మాట అడగకు. నీ బిడ్డ తలకంటవా, దోసిలినిండ పోస్త. తోలుకరా పిల్లను."

"నా బిడ్డ ఈడ ఉంటే నీ కాడికెందుకొస్తనన్నా?"

ఒట్టి గిన్నెతోని ఏడ్సుకుంట వచ్చింది.

ఇగ సూడండ్రి ఆమె తిప్పలు. నూనె లేదు. మంచం ఎప్పుడు పగుల్తదో తెల్వది. ఎండకాలం పట్టపగలు మాడుతాంటే పైకప్పుల ఏదన్న దూలం టక్కుమన్నా చాలు, మా అమ్మ ఉరికొచ్చి మంచాన్ని తడుముతుండె. కోడు కోడుకు అరచెయ్యి తిప్పి సూసుకునేది. ఇయ్యాల పగల్లే, రేపు పగుల్తదేమో. రేపొచ్చేది, పగల్లే. గడి మైసమ్మే కాపాడుతున్నదని రోజు పొద్దుగాల మొక్కుకుంటుండె.

వానలు పడ్డయ్. ముసురుకు ఆ పాత ఆముదం జిడ్డంత బూజు పట్టింది. మంచం నిండ తెల్లటి బూజు. అమ్మ, కట్టె సచ్చింది, నా బిడ్డ పోయింది అని గుండెలు బాదుకున్నది. ఏం చేస్తది మరి? కుంకుడుకాయలు ఉడకేసి ఆ నీళ్లతోని, కొబ్బరి పీచుతోని తోమింది. నీళ్లు పెట్టొద్దన్న కట్టెకు కుండలకొద్ది నీళ్లు పోసింది. తారు తీర్గ నల్లటి మడ్డి కారింది. కిందికెల్లి పచ్చటి, తేనె వన్నె కట్టె బయటపడ్డది. ఈరలు ఈరలుగ, గీతలు గీసినట్టు ఎంత సక్కగున్నదో! మా అమ్మ మాత్రం ఇంకింత ఏడ్సింది. తోలు ఒల్సిన్నేమో అనుకున్నది పాపం.

ఎండ పొడసూపితే దాన్ని వసారలకు ఈడ్సి ఆరబెట్టింది. ఎండ తగలొద్దన్న కట్టె ఎండలనే ఆరింది. మరునాడు సూసింది, పగులు లేదు. వారం సూసింది, నెల సూసింది. నున్నగ, గట్టిగ, రాయి తీర్గ ఉన్నది మంచం. టేకుల దాని నూనె దానికే ఉంటదంట, మనం పోసేది దానికి పైపై మురికే. ఈ సంగతి నాకు తర్వాత కట్టెపని చేసే వడ్లోళ్లు చెప్పిండ్రు. మా అమ్మకు చెప్పేటోల్లు లేరు, ఆమెకు మంచమే చెప్పింది.

అప్పుడు వచ్చిందంట ఆమెకు కోపం. బండెక్కి వచ్చిన నాటి నుంచి పొద్దుపొద్దుగాల కూసుండి పామిన నూనె, తిన్న దెబ్బలు, నా గుండు, అన్ని యాదికొచ్చినయ్. "నీకు అక్కరే లేదానే! నీకు నేను అక్కరే లేదానే!" అని మంచాన్ని చెప్పుతోని కొట్టిందంట. అలిసిపోయేదాక కొట్టి, దాని పక్కకే కూలబడి ఏడ్సిందంట. తెలిసి ఏం లాభం? నేనింకా హైదరాబాదులనే ఉంటి.

అంతటితోని అయిపోలే. మంచం కడిగినంక అల్మారాను గూడ కడుగుదామని గోడకెల్లి జరిపింది. ఎనుక చెక్కకు కింది నుంచి మీదికి మట్టి గీతలు. ఏలుతోని గీకితే చెక్క పొట్టుపొట్టుగ రాలింది. చెద.

టేకుకు లోపల చేవ ఉంటది, సుట్టు తెల్లచెక్క ఉంటది. చేవ జోలికి చెద తొందరగ రాదు. తెల్లచెక్కను మాత్రం ఏ కట్టెలనైనా ఇడిసిపెట్టది. అల్మారా చేసినోడు కనవడే దిక్కు చేవ పెట్టి, గోడ దిక్కు తెల్లచెక్క కొట్టిండు. అందరు చేసేదే అది. మా అమ్మకు ఇదంత ఏం ఎరుక? ఆమెకు కోదాడ ముసలామె, పొయ్యి మీద కుండ యాదికొచ్చినయ్. ఆ మట్టిని గీకి, సున్నం పూసి, అల్మారాను గోడకు అదుముకొనేటట్టు నూకి పెట్టింది. ఎవ్వలకు చెప్పలే. ఇంక ఆ దిక్కు సూడనీకె గూడ భయపడ్డది.

బతుకమ్మ పండుగ ముంగట పోలీసు యాక్షన్ అయింది. మిల్ట్రీ వచ్చింది, రజాకార్లు ఉరికిండ్రు, ఇగ మా రాజ్యమే అనుకుంట దొరలు తిరిగొచ్చిండ్రు. నేను మోటరు దిగంగనే అమ్మ కనవడ్డది. సగమైంది మనిషి. ఉరికి పట్టుకుందామంటే దొరసాని నా రెక్క పట్టుకొనే ఉన్నది. ఇడువలే. గట్లనే నన్ను గుంజుకుంట అర్రలకు పోయింది. చిన్న దొరసాని ఎనుకనే వచ్చింది.

దొరసాని మంచాన్ని సూసి నిలవడ్డది. చేత్తో నిమిరింది. వాసన సూసింది.

"అబ్బ! మా నాన్న చేయించిన నాడు ఇట్లాగే ఉండేది" అన్నది. "చూశావటే అమ్మాయీ, ఎంత ఆముదం తాగితే ఈ రంగొస్తుంది? ఆండాలు చెయ్యంటే చెయ్యే!"

అమ్మ వంగి కాళ్లు మొక్కింది. "నీ బాంచెన్ దొరసాని. మీరు మాటిచ్చిండ్రు. నా బిడ్డను ఇడువుండ్రి. ఎటన్న పోయి బతుకుతం."

"ఎటుపోతావే? పిల్లను నీకు వదిలేస్తానన్నాను గానీ, గడి దాటిస్తానన్నానా?" దొరసాని నవ్వుకుంటనే అన్నది. "నీలాంటి చెయ్యి నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతుంది? నువ్వు ఇక్కడ అల్మారా, ఉయ్యాల చూసుకో. మంచం నా బిడ్డతో పోతుంది. దానికి నూనె పట్టేదెవరు మరి? నీ పిల్లకు నేర్పు. పెళ్లికి ఇంకా టైముంది."

అయిపోయింది అనుకున్న నేను. మంచం పగిలినా నేను పోవుడే, మంచం మెరిసినా నేను పోవుడే! ఆ ఒట్టు ఎందుకు, ఆ యాడాదంత ఎందుకు? నాకు ఏడుపు గూడ రాలే.

మా అమ్మ లేసి నా నెత్తి దిక్కు సూసింది. మల్ల పీచుకట్టిన ఎంటికలు నాయి. అట్ల సూసుకుంట సూసుకుంట, ఒక్కపారి అల్మారా కాడికి పోయి, దాని అంచు పట్టుకొని గుంజింది. దబ్బున అది గోడ నుంచి ఇవతలికొచ్చింది. సున్నం కింద చెద మల్ల మట్టి కట్టింది. అమ్మ గోటితోని కొడితే చెక్క పొట్టు జలజల రాలింది.

"సూడు దొరసాని. చెద."

దొరసాని వంగి ఆ పొట్టును సూసింది.

"ఆముదం పెట్టలే. యాడాది కావస్తున్నది, చుక్క పెట్టలే. మంచాన్ని నీళ్లు పోసి తోమిన. ఎండల ఏసిన. నా చెయ్యి గిసోంటిది."

"అబద్ధం! టేకుకు చెద పట్టదు!" అని అరిసింది దొరసాని. అరిసినంక ఆమెకే ఎరుకైంది తన మాట ఏడికి పోతున్నదో. టేకుకు పట్టదంటే మరి దేనికి పట్టినట్టు? తల్లిగారు పెట్టింది టేకే కాదనా? ఆమె మా అమ్మ చేతులను సూసి రెండడుగులు ఎనుకకేసింది. "నీ చెయ్యి... నీ చెయ్యే చెడ్డది! పో! నా ఇంట్లో నుంచి ఇప్పుడే పో!"

"పోత."

"పిల్ల ఇక్కడే ఉంటుంది!"

అమ్మ నా దగ్గరికొచ్చింది. దొరసాని చేతుల నుంచి నా రెక్కను గుంజుకొని, నా అరచెయ్యిని తీసి ఆ పెండ్లిమంచం కోడు మీద పెట్టింది. గట్టిగ అదిమి పట్టింది.

"ఉంచుకో. నా కడుపుల పుట్టిన చెయ్యి ఇది. నీ బిడ్డ మంచానికి ఇదే నూనె రాస్తది."

చిన్న దొరసాని కెవ్వుమన్నది. దొరసాని, "తియ్యి! ముట్టుకోనియ్యకే! చెయ్యి తియ్యవే!" అని మొత్తుకుంట బిడ్డను కొంగుల దాసుకున్నది. అంత పెద్ద మనిషి నా అసోంటి బక్కపిల్ల చేతికి గజగజ వణికింది. అమ్మ మెల్లగ నా చెయ్యి తీసి తన చేతిల పెట్టుకున్నది. మేం దర్వాజ దాటుతాంటే మా ఎనుక పసుపునీళ్లు సల్లించిండ్రు. మా అమ్మ తిరిగి సూడలే.

ఆ తర్వాత అమ్మ మిర్యాలగూడ పక్కకు వేములపల్లిల బతికింది. జానమ్మ అని ఒక కిరస్తానీ ఆమె తన ఇంటి ముంగటి సాయబాన్ల, చూరు కింద, మాకు జాగిచ్చింది. నాట్లేసింది, కలుపు తీసింది, నన్ను ఒక ఇంటిదాన్ని చేసింది. సచ్చేదాక తుమ్మకోళ్ల నులక మంచం మీదనే పండుకున్నది. ఎవలన్న నీ చెయ్యి మంచిది ఆండాలమ్మా అంటే మాత్రం గమ్మున లేసి పోయేది.

గాని నేను యాదికి పెట్టుకున్నది ఆ పొద్దునే. గడి దాటి ఊళ్లె నుంచి పోతాంటే బుచ్చయ్య గానుగ వచ్చింది. ఎద్దు తిరుగుతున్నది. అమ్మ ఆగింది. నన్ను ఆయన ముంగటికి నూకింది.

"అన్నా, నా బిడ్డ. తోలుకొచ్చిన."

బుచ్చయ్య ఎద్దును ఆపిండు. అమ్మ దోసిలి పట్టింది, ఆయన నిండ పోసిండు. ఆడనే గానుగ కాడ, ఊరంత సూస్తాంటే, నన్ను కూసుండబెట్టి నా నెత్తి మీద ఒంపింది మా అమ్మ. పీచు విడదీసుకుంట, కుదుళ్లకు ఇంకేదాక రుద్దింది. నూనె నా మెడ మీదికి, ఈపు మీదికి కారింది. తుడవలే. ఇంకా పొయ్యన్నా, ఇంకా పొయ్యి అన్నది.